మూడో గేరుబాక్సు

మా వీధిలో పొద్దున్నే అందరికంటే ముందు తెరుచుకునేది నా టైలరింగు షాపు. పనిమీద ప్రేమ కొద్దీ కాదు, ఎదురింటి ఈశ్వరరావుగారి పోరు పడలేక. తాడేపల్లిగూడెంలో ఆయనది తవుడు వ్యాపారం. రైసుమిల్లుల దగ్గర తవుడు కొని కొల్లేటి చేపల చెరువులకు తోలిస్తారు. ఎప్పుడో ఒకరోజు నేను షట్టరు ఎత్తుతుండగా ఆయన బయలుదేరారట, ఆ రోజు బేరాలు బ్రహ్మాండంగా కుదిరాయట. అప్పటినుంచీ ఈ గౌసియా ఎదురైతేగానీ ఆయన గేటు దాటరు. నేను ఆలస్యం చేస్తే అక్కడే నిలబడి గొంతు సవరించుకుంటూ ఉంటారు. నా ఎదురు అంత గొప్పదే అయితే ముందు నా కుట్టుమిషనుకు పనికిరావాలి కదా. అది వారంలో సగం రోజులు దారం తెంపుతూనే ఉంటుంది.

మంచి శకునం నేనొక్కదాన్నే. చెడ్డ శకునాలు మాత్రం వీధి నిండా ఉన్నాయి. పిల్లి అడ్డం వచ్చినా, ఖాళీ బిందె కనిపించినా, కట్టెలమోపు ఎదురైనా ఈశ్వరరావుగారు ఠక్కున వెనక్కి తిరుగుతారు. ఇంట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరతారు. నడిచి వెళ్ళే రోజుల్లో వెనక్కి నడిచేవారు. పాత కారు ఉన్న రోజుల్లో వెనకసీట్లోంచి "వెనక్కి, వెనక్కి" అనేవారు. అప్పట్లో ఆయన డ్రైవరు మావారు మదారే. నింపాదిగా బండి ఆపి, క్లచ్చి తొక్కి, గేరు మార్చి ఇంటిముందుకు తెచ్చేవారు.

తర్వాత మావారు సొంతంగా డ్రైవింగు స్కూలు పెట్టుకున్నారు. కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేయించిన మరుసటి ఏడు ఈశ్వరరావుగారు కొత్త కారు కొన్నారు. అది అటు జీపూ కాదు, ఇటు కారూ కాదు. జీపులా ఎత్తుగా, కారులా నున్నగా ఉంటుంది. దానికి క్లచ్చి లేదు. లివరు ముందుకు వెళ్ళే గుర్తు మీద పెడితే ముందుకు, వెనక్కి వెళ్ళే గుర్తు మీద పెడితే వెనక్కి వెళుతుంది. గేర్లు తనే మార్చుకుంటుంది. ఎడమకాలికి పనే లేని కారు అని ఊళ్ళో వాళ్ళు వచ్చి వంగి వంగి చూశారు. ఇక డ్రైవరెందుకని ఈశ్వరరావుగారు తనే నడపడం మొదలుపెట్టారు.

ఆ కారు చూసి ఆయనకంటే ఎక్కువ సంబరపడింది ఆయన భార్య సీతామహాలక్ష్మిగారు. ఏలూరులో మోకాలికి ఆపరేషను అయ్యాక ఆవిడ ఎడమకాలు సరిగ్గా వంగదు. బస్సు మెట్లు ఎక్కలేరు. గుండుగొలను దాటాక కాలవగట్టు మీద ఆవిడ అక్క కాంతమ్మగారు ఒంటరిగా ఉంటారు. భర్త పోయారు, తర్వాత ఉన్న చెరువూ పోయింది. ఆపరేషను తర్వాత అక్కను చూడాలంటే ఎవరినో ఒకరిని బతిమాలుకోవలసిందే. ఈ కారు చూడగానే ఆవిడ తిన్నగా నా షాపుకొచ్చి, "మీ ఆయన నాకు నేర్పుతాడేమో అడుగు గౌసియా" అన్నారు.

మావారు నేర్పారు. సెలవు రోజుల్లో మార్కెట్ యార్డు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకెళ్ళేవారు. ఆయన స్కూల్లో ఒక సూత్రం ఉంది. ముందుకు వెళ్ళే బండిని వెనక్కి తిప్పాలంటే ముందు పూర్తిగా ఆపాలి. ఆగాక మనసులో దేవుణ్ణి ఒకసారి తలుచుకుని అప్పుడే లివరు కదపాలి. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చు, బండి ఆగడం మాత్రం అందరికీ ఒకటే. సీతామహాలక్ష్మిగారు "గోవిందా" అనుకునేవారు. పైకే అనేవారు. కొన్నాళ్ళకు ప్రతి గురువారం అక్క దగ్గరికి తనే కారు వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. వెళ్ళేటప్పుడు నా షాపు ముందు హారను కొట్టేవారు. ఆవిడ మొహంలో ఆ రోజుండే వెలుగు మిగతా రోజుల్లో ఉండేది కాదు.

ఏడాది తిరక్కుండానే గేరుబాక్సు పోయింది. ఒకరోజు పొద్దున్న వీధి మధ్యలో కారు గుర్రుమంటుంది గానీ కదలదు. లారీ మీద ఎక్కించి విజయవాడ పంపారు. గ్యారంటీ ఉంది కాబట్టి కొత్త గేరుబాక్సు వేసి పంపారు. కొత్తదనం తీరకముందే అదీ పోయింది. ఈసారి కంపెనీ మనిషి వచ్చి చూసి, ఏళ్ళ తరబడి రావలసిన వస్తువు ఇలా పోయిందంటే నడిపేవాళ్ళలోనే ఏదో ఉందండీ, ఇంట్లో ఇంకెవరు నడుపుతారండీ అని అడిగాడు. ఈశ్వరరావుగారు వంటింటి వైపు చూశారు.

అంతే, తీర్పు అయిపోయింది. వారానికి ఒక్కసారి నడిపే ఆవిడ దోషి, రోజూ నడిపే ఆయన బాధితుడు. మూడో గేరుబాక్సు వేయించారు గానీ కారు తాళాలు గల్లాపెట్టెలోకి వెళ్ళిపోయాయి. గురువారాలు పోయాయి. పైగా మదార్ దగ్గర నేర్చుకున్న చేతులు గేరుబాక్సులు మింగేస్తాయని వీధిలో ఒక మాట పుట్టింది. మావారు నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా నేను కుట్టిన జాకెట్లు అందరికీ బిగుతయ్యాయి.

ఈ మూడోది కూడా పోకముందే ఈశ్వరరావుగారు కారు అమ్మేయాలనుకున్నారు. ఏలూరులో ఒకాయన కొంటానన్నాడు. అప్పగించే రోజున, దారే కాబట్టి చివరిసారి అక్క ఇంటిదగ్గర ఆగుదామని సీతామహాలక్ష్మిగారు అడిగారు. ఇంకేమీ అడగలేదు. నాకు ఏలూరులో లైనింగు గుడ్డ కొనే పని ఉంటే, నువ్వూ రా అని నన్నూ పిలిచారు.

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. నేను కారులో కూర్చుంటే ఆయనకు ఎదురయ్యేదెవరు? ఈశ్వరరావుగారు బాగా ఆలోచించి ఉపాయం చెప్పారు. నేను షాపుకెళ్ళి షట్టరు ఎత్తాలి, ఆయన చూస్తారు, మళ్ళీ దించేసి వచ్చి కారెక్కాలి. తిట్టుకుంటూనే ఎత్తాను, తిట్టుకుంటూనే దించాను, వచ్చి వెనకసీట్లో కూర్చున్నాను. సీతామహాలక్ష్మిగారు ముందు, ఆయన పక్కన.

కారు కదిలి పదిళ్ళు దాటిందో లేదో, కొట్టు అరుగు కింద నుంచి పిల్లి రోడ్డు దాటింది. "అబ్బా" అన్నారు ఈశ్వరరావుగారు. కారు ఇంకా ముందుకు దొర్లుతూనే ఉంది. ఆయన బ్రేకు మీద కాలు వేయలేదు, లివరు పట్టుకుని వెనక్కి వెళ్ళే గుర్తు మీదికి ఒక్క లాగు లాగారు. కాళ్ళ కింద దడేల్‌మంది. నా తల వెళ్ళి ముందు సీటుకు కొట్టుకుంది. కారు ఒకసారి వణికి వెనక్కి పరిగెత్తింది.

ఇంటికెళ్ళి నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాం. కుళాయి దగ్గర ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు. మళ్ళీ లాగారు. మళ్ళీ దడేల్. ఈ ముందుకూ వెనక్కీ తిరగడం నేను షాపులోంచి రోజూ చూస్తున్నదే. కానీ నా మిషను చప్పుడులో ఈ శబ్దం ఏనాడూ వినబడలేదు. సీతామహాలక్ష్మిగారికీ వినే వీలు లేదు. ఆయన వెళ్ళే వేళకు ఆవిడ పూజలో ఉంటారు. ఇద్దరూ కలిసి దూరం వెళ్ళాలంటే ఈయన మావారిని పిలిపించేవారు, గేరుబాక్సు మాట పుట్టాక అదీ మానేశారు.

ఆవిడ తల తిప్పి నావైపు చూశారు. ఇద్దరికీ అర్థమైంది. నేను నోరు తెరవబోతే ఆవిడ వద్దన్నట్టు కళ్ళతో చెప్పారు. హైవే మీద పిల్లులు తక్కువ కాబట్టి ప్రయాణం సుఖంగానే సాగింది.

కాంతమ్మగారు సన్నగా, పొడుగ్గా, చెల్లెలి కంటే చలాకీగా ఉన్నారు. మమ్మల్ని చూసి ఏం చేయాలో తోచక ఇల్లంతా తిరిగారు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు పెట్టి, మరిదిగారికి కొసరి కొసరి వడ్డించారు. కారు అమ్మేస్తున్నామని చెల్లెలు చెబితే, పోనీలే, ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. ఇక గురువారాలు ఉండవని ఆవిడకూ తెలుసు. మజ్జిగ పోసేటప్పుడు మాత్రం గ్లాసు నిండి పొర్లిపోయేదాకా చూసుకోలేదు.

బయలుదేరడానికి లేచేసరికి ఆవిడ కనిపించలేదు. చెప్పి వెళదామని వెతుక్కుంటూ వెళితే పెరట్లో గోడవారగా కూర్చుని, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నారు.

"సాగనంపడానికి రారా అండీ?" అని అడిగాను.

"నేను ఎదురైతే మరిదిగారికి మంచిది కాదమ్మా. మా ఆయన పోయినప్పటినుంచీ అంతే. మీ కారు వెళ్ళిన చప్పుడు వినబడ్డాక లోపలికొస్తాను" అన్నారు, అదేదో రోజూ పాలు కాచుకునేంత మామూలు సంగతిలా.

నాకు కోపంతో కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పొద్దున్న నా చేత షట్టరు ఎత్తించి దింపించిన మనిషే ఈవిణ్ణి గిన్నెల దగ్గర కూర్చోబెట్టాడు. నన్ను ఎదురు రమ్మనడమూ ఈవిణ్ణి రావద్దనడమూ ఒకటే జబ్బు. వీధిలోకొచ్చి చూసింది చూసినట్టు సీతామహాలక్ష్మిగారికి చెప్పాను. ఆవిడకు తెలియనిదేం కాదు. కానీ ఇంకొకరి నోట వినడం వేరు కాబోలు, ఆవిడ మొహం ఎర్రబడింది. తిన్నగా భర్త దగ్గరికెళ్ళి చెయ్యి చాపారు.

"తాళాలు ఇలా ఇవ్వండి."

"ఎందుకు సీతా?"

"ఈ కారుని పాడుచేసింది నేను కాదండీ. ముందుకెళుతున్న బండిని ఆపకుండా వెనక్కి లాగింది మీరు. పొద్దుటినుంచీ రెండుసార్లు విన్నాను. రోజూ అలా లాగితే ఏ గేరుబాక్సు మాత్రం ఎన్నాళ్ళుంటుంది? మీరు చేసినదానికి నా గురువారాలు తీసేశారు."

ఈశ్వరరావుగారు నావైపు చూశారు. సాక్ష్యం కోసం కాబోలు. నా నుదుటి మీద బొప్పి చూపించాను. శకునం చూసుకోవడం కూడా తప్పేనా అని ఆయన గొణిగారు. చూసుకోండి, బండి ఆగాక చూసుకోండి అన్నారు ఆవిడ. తాళాలు చేతులు మారాయి.

ఆవిడ స్టీరింగు ముందు కూర్చున్నారు. ఆయన పక్కన, నేను వెనక. కారు స్టార్టయింది గానీ కదల్లేదు. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, ఇలా రా. వచ్చి నా బండికి ఎదురు నిలబడు" అని పిలిచారు. పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ రాలేదు. ఆవిడ ఇంజను ఆపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. అక్క ఎదురు రాకుండా ఈ బండి ఇక్కడినుంచి కదలదండీ, మీరు కావాలంటే బస్సులో వెళ్ళండి అని మెల్లగానే చెప్పారు.

కాలవగట్టు మీద ఎండ ఎక్కువగా ఉంది. ఈశ్వరరావుగారు చెమట తుడుచుకున్నారు. ఏలూరులో మనిషి ఎదురుచూస్తుంటాడన్నారు. నేను కిటికీలోంచి బాతులను చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆయన తలుపు తీసుకుని దిగారు. బస్సు కోసమే వెళుతున్నారనుకున్నాను. పెరటివైపు వెళ్ళారు.

"వదినగారూ" అన్న పిలుపు మాకు వినబడింది. "మీరు రావాలండీ. రాకపోతే మీ చెల్లెలు నన్ను ఇక్కడే వదిలేసేలా ఉంది."

కాసేపటికి ఇద్దరూ వచ్చారు. కాంతమ్మగారు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కారు ముందు నిలబడ్డారు. ఎదురు రావడం మర్చిపోయిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి కట్టుకున్నారు, ఒకసారి దించారు. ఈశ్వరరావుగారు వచ్చి సీట్లో కూర్చుని, పిల్లి అడ్డం వస్తోందన్నట్టు గట్టిగా కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు తెరవండి" అన్నారు సీతామహాలక్ష్మిగారు.

తెరిచారు. ఎదురుగా వదినగారు. ఆయన ఏమనుకున్నారో ఏమో, చేతులెత్తి నమస్కారం పెట్టారు. కాంతమ్మగారు కంగారుగా తనూ పెట్టి పక్కకు తప్పుకున్నారు. సీతామహాలక్ష్మిగారు "గోవిందా" అని లివరు కదిపారు. కారు చప్పుడు లేకుండా మెత్తగా కదిలింది.

హైవే ఎక్కే చోట ఆవిడ తాడేపల్లిగూడెం వైపు తిప్పారు. ఏలూరు అటు కదా అని ఆయన అడిగారు. అవునండీ అన్నారు ఆవిడ, తిప్పడం మానకుండా. ఆయన సీటుకు జారగిలబడ్డారు. నా లైనింగు గుడ్డ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఈశ్వరరావుగారు ఒక్కరోజులో మారిపోయే మనిషి కాదు. ఇప్పటికీ పిల్లి అడ్డం వస్తే వెనక్కి తిరుగుతారు. కాకపోతే ముందు బండి ఆపి గోవిందా అంటారు, అదీ పైకే, షాపులో నాకు వినబడేలా. ఆయన గేటు దగ్గర గొంతు సవరించుకుంటే నేను వినబడనట్టు మిషను తొక్కుతున్నాను.

ఆ తర్వాతి గురువారం సీతామహాలక్ష్మిగారితో నేనూ గుండుగొలను వెళ్ళాను. సాయంత్రం బయలుదేరే వేళకు కాంతమ్మగారు ఇంట్లో లేరు. మళ్ళీ పెరట్లోకి పోయారేమోనని అటు పరిగెత్తాను, లేరు. బయటికొచ్చి చూస్తే కాలవగట్టు మీద, కారు వెళ్ళే దారికి సరిగ్గా మధ్యలో ఉన్నారు. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, మాకు ఎదురు రావడానికి ముందే వచ్చి నిలబడి ఉన్నారు.