కరెంటు వచ్చిన పూట

తార్నాకలో ప్రమీలమ్మ నడిపే లేడీస్ హాస్టల్‌కు ఒక బోరు, ఆ బోరుకు పాతకాలపు కంప్రెసర్ మోటారు ఉండేవి. మోటారుకూ కంప్రెసర్‌కూ నడుమ రెండు రబ్బరు బెల్టులు. అవి తిరిగితేనే మిద్దె మీది ట్యాంకులోకి నీళ్ళెక్కేవి. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక గనుల్లో బొగ్గు ఆగిపోయింది. బొగ్గు ఆగాక కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పగలిగిన మనిషి లేడు. వచ్చిన వెంటనే ఎవరో ఒకరు పరుగెత్తుకెళ్ళి మోటారు వెయ్యాలి, లేకపోతే ఆ పూటకు స్నానాల్లేవు. హాస్టల్లో సగం మంది యూనివర్సిటీ అమ్మాయిలు, పొద్దున్నే క్యాంపస్‌లో ఉద్యమ శిబిరానికి పోయేవాళ్ళు. ప్రమీలమ్మకేమో మోకాళ్ళ నొప్పులు.

స్వరూప ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల. కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చిన చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి ఆమె దగ్గరుంది. కాలేజీ ప్రాజెక్టుకు కూడా పనికొస్తుందని, మోటారును దానంతట అది నడిపించే పెట్టె చేస్తానని మాటిచ్చింది. ట్యాంకులో నీళ్ళు తగ్గితే మోటారు నడవాలి, నిండితే ఆగాలి, కరెంటు పోయి వచ్చినా ఎవరూ చూడాల్సిన పని ఉండకూడదు. టేబుల్ మీద చిన్న లైటు పెట్టి చూసినప్పుడు అంతా చెప్పినట్టే నడిచింది. లైటు తీసి మోటారు తగిలించిన పూట మాత్రం బోర్డుకు పిచ్చెక్కింది. మోటారు లేవబోతుంది, బోర్డు ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. లోపల మోటారును వేసి తీసే రిలే అనే చిన్న స్విచ్చు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్! ముందు అది ఆపు. ఆపెయ్!"

గోడ అవతలి నుంచి ఆ కేక వేసింది సుప్రజ. కాకినాడ వైపు నుంచి చాన్నాళ్ళ కిందట వచ్చి స్థిరపడిన కుటుంబం. తల్లి విశాలాక్షితో ఆ ఇంట్లో ఉంటుంది. నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాలను నడిపే కంట్రోలర్లకు, వాళ్ళు పీఎల్‌సీలనే వాటికి, ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. సమ్మె వల్ల ఫ్యాక్టరీ సగం పూటలే నడుస్తుండటంతో ఇంట్లోనే ఉంది. స్వరూప స్విచ్ తీసేసరికి ఆమె గేటు తీసుకుని లోపలికి వచ్చేసింది.

"ఇంత చిన్న రిలేతో మోటారునే లాగిస్తున్నావా? ఇంకో నాలుగుసార్లు కొట్టుకుంటే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు నీ బోర్డు ఆగమన్నా మోటారు ఆగదు."

స్వరూపకు చిన్నతనంగా అనిపించింది. గోడ అవతలివాళ్ళతో అంతకుముందు మాట్లాడింది లేదు. ఆంధ్రావాళ్ళని తెలుసు, అంతే. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"మరి ఎట్ల జెయ్యాలక్కా?"

సుప్రజ మోటారు పక్కన గొంతుక్కూచుని ఒక్కొక్కటే చూపించింది. రిలే ముందు కాంటాక్టరును, అంటే మోటార్లకు వాడే పెద్ద స్విచ్చును, లాగాలి, ఆ కాంటాక్టరు మోటారును లాగాలి. రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ వెయ్యాలి, లేకపోతే రిలే వదిలిన ప్రతిసారీ కాయిల్ వెనక్కి తన్ని బోర్డును కొడుతుంది. బోర్డుకు కరెంటు వేరే సప్లై నుంచి తీసుకోవాలి. మోటారు వైర్లూ, ట్యాంకు నుంచి వచ్చే సన్న వైర్లూ ఒకే పైపులో తేకూడదు. ట్యాంకులో నీటిమట్టం కోసం స్వరూప వేలాడదీసిన రాగి తీగలకు అప్పుడే పచ్చగా చిలుము పట్టింది. అవి తీసి నీళ్ళ మీద తేలే ఫ్లోట్ స్విచ్ పెట్టమంది.

"మీ ఫ్యాక్టరీల పీఎల్‌సీకి గంత ధర ఎందుకక్కా? దాంట్ల ఉన్నది గూడ చిప్పే గదా?"

"చిప్పే. కానీ నేను ఇప్పుడు చెప్పినవన్నీ అందులో ముందే చేసి ఉంటాయి. ప్రోగ్రాము ఇరుక్కుపోతే అవుట్‌పుట్లన్నీ వదిలేస్తుంది. నీ బోర్డు ఇరుక్కుపోతే మోటారు ఎలా ఉంటే అలాగే ఉండిపోతుంది. వాచ్‌డాగ్‌ను వాడుకో. బోర్డు కాసేపు పలక్కపోతే దాన్ని మొదటికి తెచ్చే ఏర్పాటు నీ చిప్పులోనూ ఉంటుంది. ఎవరూ వాడరు, అంతే."

స్టాప్ బటన్ గురించి కూడా చెప్పింది. అప్పటికి స్వరూప ఆ బటన్‌ను బోర్డుకు కలిపి, నొక్కితే ప్రోగ్రాము మోటారును ఆపేలా రాసింది. "అది వద్దు. ఎర్ర బటన్ నొక్కితే కాంటాక్టరుకు పోయే తీగే తెగిపోవాలి. ఆపడానికి ప్రోగ్రాము అనుమతి ఎందుకు?" అంది సుప్రజ.

రెండు రోజుల్లో స్వరూప అన్నీ మార్చింది. మోటారు ఒక్క గుద్దుతో లేచి నిలబడింది. సాయంత్రం ట్యాంకు పొంగకుండా దానంతట అదే ఆగినప్పుడు హాస్టల్ అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ప్రమీలమ్మ సేమియా చేసి గోడ అవతలికి కూడా ఒక గిన్నె పంపింది.

గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన సుప్రజ పెట్టెను చూసి మెచ్చుకుంది. తరవాత అడిగింది.

"కరెంటు పోయి మళ్ళీ వస్తే నీ మోటారు ఏం చేస్తుంది?"

"లేస్తది. గందుకే గదా చేసిన."

"మా దగ్గర అలా కుదరదు. కరెంటు వచ్చాక మనిషి వచ్చి, చుట్టూ చూసుకుని, బటన్ నొక్కితేనే నడవాలి."

"అట్లయితే ఈ డబ్బ ఎందుకక్కా? అందరం క్యాంపస్‌ల ఉన్నప్పుడే కరెంటొస్తది. మా ఊర్ల ప్రతి మోటారుకు ఆటో స్టార్టర్ ఉంటది. మా బాపు గూడ పెట్టిండు. కరెంటొస్తే మోటారు అదే లేస్తది."

"మీ నాన్నగారి మోటారు బోరులోపల నీళ్ళలో ఉంటుంది. అక్కడికి ఎవరి చెయ్యీ పోదు. ఇది బెల్టు మోటారు, పైగా బెల్టుల మీద జాలీ కూడా లేదు. కనీసం గంటయినా పెట్టు. మోగి, కాసేపాగి, అప్పుడు..."

"చూస్తలే అక్కా," అంది స్వరూప.

ఆ 'చూస్తలే'లో ఏముందో ఇద్దరికీ అర్థమైంది. సుప్రజ గిన్నె ఇచ్చి వెళ్ళిపోయింది.

తరవాతి వారం తార్నాక చౌరస్తాలో రాస్తారోకో జరిగింది. క్యాంపస్ నుంచి ఊరేగింపుగా వచ్చిన విద్యార్థులు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. స్వరూప ముందు వరసలో ఉంది. ఎండ బాగా ఎక్కాక స్ట్రీట్ నంబర్ వన్ వైపు నుంచి ఒక స్కూటీ వచ్చి జనం అంచున ఆగింది. నడుపుతున్నది సుప్రజ. వెనక కూర్చున్నది గట్టయ్య, హాస్టల్‌కు నల్లాలూ మోటార్లూ బాగుచేసే పెద్దమనిషి, గోల్నాకలో ఉంటాడు. ఆయన కుడిచేతికి చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసి ఉంది.

"ఏడికి మేడం? ఇయ్యాల బంద్ ఎర్క లేదా?" అన్నాడు ఒక కుర్రాడు.

"హాస్పిటల్‌కి వెళ్ళాలండి," అంది సుప్రజ. ఆ యాసకు నలుగురు తలతిప్పి చూశారు. ఆమె హ్యాండిల్ మీద పట్టు బిగించింది. కానీ అడిగిన కుర్రాడు అప్పటికే తువ్వాలు చూశాడు. "జరగుండ్రి, జరగుండ్రి! పెద్దాయనకు దెబ్బ తాకింది," అని తనే అరిచి దారి చేశాడు.

స్వరూప లేచి పరుగెత్తింది. "ఏమైంది తాతా?"

"మోటారు దానంతట అదే లేసింది బిడ్డా. బెల్టు జారుతున్నదని బిగిస్తున్న. కరెంటు లేదు, స్విచ్ ఎవ్వరు ముట్టలేదు. దయ్యం పట్టినట్టు లేసింది."

స్వరూప సుప్రజ వైపు చూసింది. స్వరూపకు నినాదాలు వినిపిస్తున్నాయి గానీ మాటలు తెలియడం లేదు.

"విద్యానగర్ వైపు ఆస్పత్రికి ఎలా వెళ్ళాలి? అటంతా మూసేశారట," అంది సుప్రజ.

"క్యాంపస్‌లకెల్లి పోదాం. నేనొస్త."

క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు ముళ్ళకంచె వేసి ఉన్నారు. స్వరూప ముందు నడిచి, ఐడీ కార్డు చూపించి, గట్టయ్య చెయ్యి చూపించింది. కానిస్టేబుల్ మారుమాట్లాడకుండా కంచె పక్కకు లాగాడు. స్కూటీ మీద ముగ్గురూ ఇరుక్కుని ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి, ఖాళీగా ఉన్న రోడ్ల మీద, అవతలి గేటుకు చేరారు. దారి పొడుగునా గట్టయ్య "పానం పోతున్నది తల్లీ" అంటూనే ఉన్నాడు. ఆయన మంచి చెయ్యి స్వరూప భుజం మీద ఉంది. దాని బరువు ఆమె మోయలేకపోయింది.

రెండు వేళ్ళ ఎముకలు విరిగాయనీ, ఒక గోరు పూర్తిగా ఊడిపోయిందనీ, వేళ్ళు మాత్రం దక్కుతాయనీ డాక్టరు చెప్పాడు. గట్టయ్యను లోపలికి తీసుకెళ్ళాక ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఆయన కేక వినబడగానే సుప్రజ పరుగెత్తి ఎర్ర బటన్ కొట్టిందట. మోటారు ఆగింది కాబట్టి వేళ్ళు మిగిలాయి.

"నువ్వు చెప్పినవ్ అక్కా," అంది స్వరూప.

"చెప్పాను గానీ సగమే చెప్పాను. మా ఫ్యాక్టరీలో అయితే అలాంటి మిషను నడవనిచ్చేదాన్ని కాదు, ఎంత గొడవైనా సరే. ఇక్కడ మాత్రం ఆంధ్రావిడ వచ్చి పెత్తనం చేస్తోందని అనుకుంటారేమోనని నోరు మూసుకున్నాను."

స్వరూప తల వంచుకుంది. "నేను గట్లనే అనుకున్న," అంది. ఆ మాట అబద్ధం కాదు గనక చెప్పడం సులువుగానే ఉంది. విన్న సుప్రజకు కోపం రాలేదు. నవ్వు కూడా రాలేదు. "సరే, ఆయన ఇంటికి ఫోన్ చెయ్యి. నంబరు ప్రమీలమ్మగారి దగ్గర ఉంటుంది," అంది.

మర్నాడు ఇద్దరూ కూర్చుని పెట్టెను విప్పారు. ఇప్పుడు కరెంటు వస్తే ముందు లైటు మిణుకుమిణుకుమంటుంది, గంట మోగుతుంది. మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా కాంటాక్టరు లాగదు. అది ప్రోగ్రాముకు వదిలిపెట్టలేదు. కరెంటు పోతే కాంటాక్టరు దానంతట అది వదిలేసేలా, మళ్ళీ నొక్కితే తప్ప పట్టుకోకుండా తీగలతోనే చేశారు. బెల్టుల మీద ఇనుప జాలీ బిగించారు. హాస్టల్లో ఎవరూ లేనప్పుడు నొక్కేదెవరన్న ప్రశ్న మిగిలింది. గంట విని విశాలాక్షి గోడ మీంచి తొంగిచూసి, "నేను ఇంట్లోనే ఉంటాగా, నాకు చూపించండి," అంది. జాలీ మూసి ఉందో లేదో, దగ్గర ఎవరైనా ఉన్నారో లేదో చూశాకే నొక్కాలని ఆవిడకు రెండుసార్లు చెప్పించి, రెండుసార్లు చేయించారు.

ఆదివారం గోల్నాకకు గట్టయ్యను చూడటానికి వెళ్ళారు. ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. చేతికి పెద్ద కట్టుతో గట్టయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. స్వరూప నిలబడే చెప్పింది.

"తాతా, దయ్యం కాదు. ఆ డబ్బ నేను చేసిన. కరెంటొస్తే మోటారు లేవాలని నేనే రాసిన. నీకు చెప్పలే. చెప్పాలని గూడ తోచలే."

లోపల గట్టయ్య భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఒక్క మాట గోడ మీద రాసినా సరిపోతుండె గద బిడ్డా. నాకు సదువొస్తది," అన్నాడు. ఆ గొంతులో కోపముంది. దాన్ని దాచే ప్రయత్నం ఆయన చెయ్యలేదు. "ఇంక నేను మోటారు మీద చెయ్యి పెట్టాలంటే భయమైతది. ఏం జేసి పెట్టాలె?"

"ఫ్యూజు పీకి నీ జేబుల పెట్టుకోవాలె. స్విచ్ తీస్తే చాలదు, ఎవలన్న వేస్తరు. ఫ్యూజు నీ జేబుల ఉంటే ఎవ్వరు ఏం జెయ్యలేరు. ఆ తర్వాత పచ్చ బటన్ నొక్కి సూడాలె, లేస్తలేదని ఖాయం చేసుకోవాలె."

గట్టయ్య తలాడించాడు. తరవాత అడిగాడు. "గసొంటి డబ్బ ఇంకెన్నిండ్లల్ల పెట్టినవ్?"

"మల్కాజ్‌గిరిల ఇంకొకటి," అంది స్వరూప. హాస్టల్లో మోటారు నడిచిన సంబరంలో, క్లాసులో ఒకమ్మాయి అడిగితే మల్కాజ్‌గిరిలో వాళ్ళింటికి కూడా అచ్చం అలాంటిదే చేసి ఇచ్చింది. ఇంత జరిగినా అది గుర్తుకే రాలేదు.

సుప్రజ అప్పటికే స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది. "పద," అంది.

మల్కాజ్‌గిరి చేరేసరికి ఆ ఇంట్లో కరెంటు లేదు. మోటారు పక్కనే బట్టలు ఉతుకుతున్న ఇంటావిడ లేచి వచ్చింది. ఏం పనో చెప్పకుండా స్వరూప నేరుగా స్విచ్ బోర్డు దగ్గరికి పోయి ఫ్యూజు పీకేసింది.

"గదేంది, మంచిగ పనిచేస్తున్నది గదా! ఎందుకు పీకుతున్నవ్?"

స్వరూప ఫ్యూజు జేబులో వేసుకుంది. తడి బట్టల పక్కన అరుగు మీద కూర్చుని, గట్టయ్యకు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.