పసుపు పెట్టిన కిల్టు

“ఈ గుడ్డ తీస్తావా? టిఫిన్ ఎక్కడ పెట్టుకుని తినాలి?” అన్నాడు వంశీ, ప్లేటు పట్టుకుని డైనింగ్ టేబుల్ ముందు నిలబడి.

“సోఫాలో కూర్చుని తిను. దాన్ని కదిపావంటే ఊరుకోను” అన్నాను, పెనం మీద రెండో దోసె తిప్పుతూ.

అది గుడ్డ కాదు. కిల్టు. స్కాట్లాండు మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ బట్ట. ఎనిమిది గజాల ఉన్ని, వెనకంతా కుచ్చిళ్ళు, ఒక్కోటీ చేత్తోనే కుట్టాలి, మిషను తగలకూడదు. పైగా కుచ్చిళ్ళు మడిచాక కూడా గడికి గడి కలవాలి. కలవకపోతే అంతా విప్పి మళ్ళీ మొదటికే. కెనడాలో మేముండే వాటర్లూ నుంచి బస్సులో అరగంట దూరంలో మోరాగ్ అనే పెద్దావిడ కొట్టు ఉంది. కాలేజీ క్లాసులు అయ్యాక వారానికి ఇరవై గంటలు అక్కడ కుడుతున్నాను. చేరినరోజు నా కుచ్చిళ్ళు చూసి మోరాగ్ “ఎక్కడ నేర్చుకున్నావ్?” అంది. ఏం చెప్పను? పదేళ్ళప్పటినుంచీ పెళ్ళికూతుళ్ళ చీరలకి కుచ్చిళ్ళు సర్దిన చేతులివి. చీరాలలో మా అమ్మ బాలత్రిపురసుందరి టైలరు.

వంశీకి మాత్రం ఈ పని నామర్దా. ఫ్రెండ్స్ దగ్గర “బొటిక్‌లో ఇంటర్న్‌షిప్” అంటాడు. మా అత్తగారు వీడియో కాల్‌లో “దేశంకానిదేశం వెళ్ళి కూడా ఆ సూదీ దారమేనా దుర్గా!” అంటుంది. ఐఇఎల్‌టీఎస్ రాసింది నేను. సీటు తెచ్చుకుంది నేను. నా స్టడీ పర్మిట్ చూపించుకునే వంశీ ఓపెన్ వర్క్ పర్మిట్ మీద విమానమెక్కాడు. చుట్టాల్లో మాత్రం వంశీ కెనడా వెళ్ళాడు, దుర్గ కూడా వెంట వెళ్ళింది! ఇప్పుడు విమానంలో నాలుగు గంటల దూరాన ఎడ్మంటన్‌లో తనకి ఉద్యోగం దొరికింది. మార్చి చివర్లో నా కోర్సు అయిపోగానే సామాను సర్దేయాలట. నన్ను అడగలేదు, చెప్పాడంతే.

అదే వారంలో మోరాగ్ అంది, “ఈ కిల్టు ఇంటికి పట్టుకెళ్ళి మొత్తం నువ్వే కుట్టు దుర్గా. మార్జరీకి నచ్చితే ఏప్రిల్ నుంచి నీకు ఫుల్‌టైమ్.” ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు. రోజుకి పదిసార్లు నాకు నేనే చెప్పుకుని మురిసిపోతున్నాను.

ఆ కిల్టు కట్టుకోబోయే మార్జరీకి డెబ్బైఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఏనాడో వాళ్ళ ముత్తాతలు వదిలొచ్చిన స్కాట్లాండు దీవికి మొదటిసారి వెళ్తోంది. కొలతలకి వచ్చినరోజు మోరాగ్ ఆడవాళ్ళు వేసుకునే పొడుగు స్కర్టులు చూపిస్తే చెయ్యి అడ్డంగా ఊపేసింది. “కిల్టే కావాలి. మా నాన్న కిల్టు కట్టుకుని ఆ రేవులో దిగుతానని జీవితాంతం అనుకున్నాడు, వెళ్ళకుండానే పోయాడు. మంచంలో ఉన్న నాలుగేళ్ళూ చూసుకుంది నేను. కిల్టు మాత్రం తమ్ముడికిచ్చారు, మగపిల్లాడని. వాడు దాన్ని బేస్‌మెంట్‌లో పడేసి పురుగులపాలు చేశాడు.” చెప్తూ నవ్వింది గానీ, నా టేపు కింద నడుము బిగుసుకుపోయింది. ఆ క్షణం నుంచే ఆవిడంటే నాకు ప్రాణం.

ఆ ఆదివారం చివరి కుట్టు వేసి, దారం పంటితో తెంపి, కిల్టు ఎత్తి పట్టుకుంటే కుచ్చిళ్ళన్నీ ఒక్కసారి కదిలాయి. అబ్బ, ఎంత బావుందో! ఆ సంబరంలో వంటింట్లోకి వెళ్ళి, పోపులడబ్బాలోంచి పసుపు తీసి, చుక్క నీళ్ళతో తడిపి, లోపలి తెల్ల లైనింగుకి ఓ మూల బొట్టు పెట్టాను. ఆలోచించి చేసిన పని కాదు. కొత్తబట్టకి పసుపు పెట్టకుండా అమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. చెయ్యి అలా వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టులో ఆవిరి ఇస్త్రీ పెట్టేసరికి ఆ బొట్టు కాస్తా అరచేయంత అయింది. మోరాగ్ చూసేలోపు పరిగెత్తి సబ్బు రుద్దాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని ఏ తెలుగు ఆడదానికి తెలీదు? కంగారులో బుర్ర పనిచేస్తేగా! చుట్టూ పసుపు, మధ్యలో కుంకుమలా ఎరుపు. తిరిగి చూస్తే మోరాగ్ వెనకే నిలబడి ఉంది. ఆవిడ తిట్టలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అంతకంటే తిట్టినా బాగుండేది. “లైనింగ్ మార్చడానికి టైము లేదు. రేపే ఆవిడ ఫ్లైటు. ఆవిడకి నువ్వే చెప్పు.”

మధ్యాహ్నం మార్జరీ వచ్చింది. కిల్టు తిరగేసి మరక చూపించాను. క్షమించమని అడగబోయి, ఎక్కడినుంచి తన్నుకొచ్చిందో, మొత్తం చెప్పేశాను. నాకు ఏడేళ్ళప్పుడే నాన్న పోయాడని. అమ్మ బొట్టు తీసేశారని, పేరంటాలకి పిలవడం మానేశారని. అయినా ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురి జాకెట్టుకీ లోపల అమ్మ పెట్టిన పసుపు ఉండేదని, అది వాళ్ళెవరికీ తెలీదని. నా పెళ్ళి జాకెట్టు అమ్మ నెలరోజులు కుట్టింది. మా అత్తగారు మడత విప్పి, ఆ పసుపు చూసి, అందరి ముందూ “మొగుడు పోయిన చేత్తో పెట్టిన పసుపా? శుభమా అని పెళ్ళి చేసుకుంటూ!” అని పక్కన పడేసింది. పీటల మీద కూర్చోబోయే వంశీ అక్కడే ఉన్నాడు. ఫోను చూసుకుంటున్నాడు. బజార్లో కొన్న జాకెట్టు తొడుక్కుని తల వంచుకున్నాను. ఆరేళ్ళయింది, ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మార్జరీ వేలితో ఆ మరక తడిమింది. “మా ఆయన పోయి పదకొండేళ్ళు. మరి నాకు ఇది పనికొస్తుందా?”

“కట్టుకున్నవాళ్ళు చల్లగా ఉండాలని పెడతారు. అంతే” అన్నాను.

“అయితే తుడవకు. ఇంక దీని జోలికి పోకు” అంది. ఆ మాట గట్టిగానే అంది, బస్సులో పిల్లల్ని కూర్చోబెట్టే గొంతుతో. నచ్చిందో లేదో మాత్రం తేల్చకుండానే కిల్టు పట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి పది రోజులు నేను నేనుగా లేను. మార్జరీ దగ్గర్నుంచి కబురొచ్చిందేమోనని క్లాసులో ఫోను, వంటలో ఫోను. వంశీ “ఆ కొట్టుకి రిజైన్ మెయిల్ పెట్టావా?” అని రోజూ అడిగేవాడు. “పెడతాలే” అనేదాన్ని. పదకొండోరోజు బస్సులో ఉండగా మోరాగ్ ఒక వీడియో పంపింది. వాన, గాలి, చిన్న రేవు. ఊరివాళ్ళంతా రెయిన్‌కోట్లలో, జీన్సుల్లో ఉన్నారు. వాళ్ళ మధ్య మార్జరీ ఒక్కతే కిల్టులో, మోకాళ్ళు ఎర్రగా కమిలిపోయి, ఇంత నవ్వుతో! ఎవరో ముసలావిడ కుచ్చిళ్ళు పట్టుకు చూసి, ఎవరు కుట్టారని అడిగింది. మార్జరీ నడుం దగ్గర అంచు తిరగేసి ఆ మరక చూపించింది. “దుర్గ కుట్టింది. ఇది వాళ్ళమ్మ గుర్తు.”

ఓ కేక పెట్టాను. బస్సులో అందరూ తిరిగి చూశారు. చూడనీ! కింద మోరాగ్ మెసేజ్ ఉంది: ఏప్రిల్ మూడో తారీఖు, తొమ్మిదింటికి రా.

వస్తానని అక్కడే రాసేశాను. ఇంటికెళ్ళి వంశీకి చెప్పాను.

“మరి ఎడ్మంటన్?” అన్నాడు.

“వెళ్ళు. నేను ఇక్కడుంటాను.”

“అమ్మకి ఏం చెప్పను?”

“నేను చెప్తాలే. అంతకంటే ముందు మా అమ్మకి చెప్పాలి.”

అమ్మ ఫోనెత్తేసరికి వెనక కుట్టుమిషను చప్పుడు ఆగింది. “ఏమ్మా, ఈ వేళప్పుడు చేశావు? ఒంట్లో బానే ఉందా?”

“బ్రహ్మాండంగా ఉంది. అమ్మా, నా పెళ్ళి జాకెట్టు ఉందా, పడేశావా?”

“ఉంది, పెట్టెలో. ఇప్పుడెందుకే అది?”

“డిసెంబరులో వస్తున్నా. ముందు నీ దగ్గరికే. ఆ జాకెట్టు తొడుక్కునే మన వీధిలో నడుస్తాను. ఒళ్ళు చేశాను, పక్క కుట్లు రెండూ విప్పి ఉంచు. పసుపు మాత్రం కదపకు.”