కోడిపుంజుకు పెట్టిన శోకం

మా నాయనమ్మ బాలమణి చనిపోయిన తొమ్మిదో రోజున, నిర్మాత త్రినాథరావు వెంగళరావు నగర్‌లో నేను అద్దెకుంటున్న ఇంటివారి ఫోన్‌కు చేసి నన్ను పిలిపించాడు. అది పంతొమ్మిది వందల తొంభై మూడు, సెప్టెంబరు.

"నమస్కారమండీ నర్సయ్యగారూ. మీ నాయనమ్మగారు పోయారని ఇప్పుడే తెలిసిందండీ. మనసంతా అదోలా అయిపోయింది. ఆదివారం సాయంత్రం ఫిల్మ్ నగర్‌లో సంతాప సభ పెడుతున్నాం. మీరు యూనివర్సిటీ మనుషులు కదా, ఆవిడ జీవితం ఓ నాలుగు పేజీలు రాసుకొచ్చి చదవండి. తర్వాత మన కోడిపుంజు సీను వేస్తాం. జనం నవ్వుతూ సాగనంపాలండీ ఆవిణ్ణి."

"ఆ సీను వేయకండి" అన్నాను.

"అదేంటండీ! ఆ సీను లేకపోతే ఆవిడెవరో ఎవరికి తెలుస్తుంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపం చల్లారకముందే, ఆమె ఎవరో తెలియజెప్పాలన్న పట్టుదలతో రాయడానికి కూర్చున్నాను. నాలుగు పేజీలు అడిగితే పదకొండు వచ్చాయి. ప్రతి తేదీనీ రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆ పేజీలను ఆ సీనుకు ఎదురు నిలబెట్టాలి, వీలైతే ఆ సీనును ఆపాలి. సభకు వెళ్లడానికి ఒప్పుకున్నది అందుకే.

జూబ్లీహిల్స్ అంతా బండరాళ్లుగా ఉన్న కాలంలో మా ఇంటిల్లిపాదీ ఆ బండలను పగలగొట్టి బతికాం. మా నాన్న లక్ష్మయ్య రాయికి తూటు వేసి, మందు కూరి, వత్తి అంటించే పని చేసేవాడు. అంటించే ముందు గుట్టెక్కి, కిందివాళ్లు పక్కకు తప్పుకునేలా మూడుసార్లు కేక వేయాలి. ఆ కేక ఆయనదే. నాయనమ్మ కంకర తట్టలు మోసేది. నన్ను మోయనివ్వలేదు, చదివించింది. ఎనభై నాలుగులో త్రినాథరావు అక్కడ స్థలం కొని, పండక్కి గృహప్రవేశం చేయాలని మేస్త్రీని తొందరపెట్టాడు. ఒక తూటు పేలలేదు. ఎందుకు పేలలేదో చూడమని మా నాన్నను వెంటనే పంపారు. ఆయన దగ్గరికి వెళ్లాక పేలింది.

మూడో రోజున నాయనమ్మ ఆ బండ దగ్గరికే వెళ్లి శోకం పెట్టింది. మా వైపు ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయిన మనిషి పుట్టుక నుంచి చావు దాకా, చేసిన పని, తిన్న తిండి, పడ్డ మాట అన్నీ వరుసగా చెబుతూ రాగం తీసి ఏడుస్తారు. మా ఇళ్లలో జీవిత చరిత్ర అంటే అదే, అది పదిమంది చెవిన పడాలి. త్రినాథరావు కారు దిగి అది విన్నాడు. వారం తర్వాత మనిషిని పంపి ఆమెను పిలిపించాడు. "మా రికార్డింగ్ థియేటర్లో మైకు ముందు ఇట్లాగే ఏడువమ్మా, మీ అబ్బాయి సంగతి రాష్ట్రమంతా వింటుంది" అన్నాడు. ఆమె నమ్మింది. శోకం నలుగురికీ వినిపించడానికే కనుక, మైకు కూడా అందుకే ఉంటుందనుకుంది. ఉతికిన చీర కట్టుకుని వెళ్లి, పావుగంట పైగా, ఒక్క సంగతీ విడవకుండా కొడుకు బతుకంతా చెప్పి ఏడ్చింది.

ఎనభై ఆరులో సినిమా వచ్చింది. అమీర్‌పేటలో మ్యాట్నీకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. తెర మీద ఒక పనిమనిషి చచ్చిన కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని గుండెలు బాదుకుంటూ ఉంటే, వెనక మా నాయనమ్మ గొంతు వినపడింది. "పొద్దు పొడువక ముందే లేచేటోడివి కొడుకా, గుట్టెక్కి కేకేసి అందర్ని లేపేటోడివి కొడుకా." హాలు హాలంతా విరగబడి నవ్వింది. వెనక వరుసలో ఎవడో ఆ గొంతును అనుకరించి కూశాడు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. విరామం దాకా కూర్చున్నాం. ఆ తర్వాత ఆమె ఎవరి చావుకూ శోకం పెట్టలేదు. ఏడేళ్లు నోరు మూసుకునే బతికి, నోరు మూసుకునే పోయింది. ఆమె పోయిననాడు మా ఇంట్లో శోకం తెలిసిన ఆడవాళ్లెవరూ మిగల్లేదు. కోడళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చారు.

సభ ఒక ప్రివ్యూ హాలులో జరిగింది. నాయనమ్మ ఫొటోకు గులాబీల దండ, దాని పక్కనే బల్ల మీద టీవీ, వీసీఆర్. వచ్చిన వాళ్లలో సగం మంది ఆమెను ఎప్పుడూ చూసినవాళ్లు కారు. త్రినాథరావు లేచి, "తెలంగాణ యాసలోని తియ్యదనాన్ని తెలుగు తెరకు పరిచయం చేసిన మహాతల్లి" అన్నాడు. ఆ యాసను ఆయన సినిమాలు దొంగలకూ తాగుబోతులకూ పనివాళ్లకూ తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. నా వంతు వచ్చింది. పేజీలు తీశాను. తూటు పేలిన చోటికి, మూడో పేజీకి, వచ్చేసరికి త్రినాథరావు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన కొడుతుంటే అందరూ కొట్టారు.

"చాలా బరువుగా రాశారు సార్. మిగతాది సావనీరులో వేద్దాం" అని నా మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. "హనుమంతూ, వెయ్యవయ్యా."

"వెయ్యకు" అని అరిచాను.

వీసీఆర్ దగ్గరున్న హనుమంతు నన్ను చూశాడు, యజమానిని చూశాడు, మీట నొక్కాడు.

పనిమనిషి వచ్చింది. కోడిపుంజు వచ్చింది. మా నాయనమ్మ ఏడుపు అందుకుంది. ముందు వరుసలో నవ్వు మొదలైంది, తమను తాము ఆపుకుంటున్న పెద్దమనుషుల నవ్వు. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని బుచ్చమ్మ లోపలికి వచ్చింది. నాయనమ్మతో ముప్పై ఏళ్లు తట్టలు మోసిన మనిషి. మెదక్ దగ్గర బిడ్డ ఇంట్లో ఉండటంతో కబురు ఆలస్యంగా, సభ సంగతితో పాటే అందింది; బస్టాండు నుంచి నేరుగా ఇక్కడికి వచ్చింది. చావుకు అందని దగ్గరివాళ్లు ఎప్పుడు వస్తే అప్పుడే, గడప దగ్గరే శోకం అందుకుంటారు. బుచ్చమ్మకు గడపలో ముందు వినపడింది చచ్చిపోయిన మనిషి గొంతు.

చేతిలో సంచి కింద పడేసి ఆ గొంతుకు బదులు పలికింది.

"ఓ బాలమ్మక్కా! నేను రాలేదని టీవీ డబ్బలకెల్లి పిలుస్తున్నవా అక్కా! వచ్చిననే అక్కా, నీ చెల్లె బుచ్చి వచ్చిందే అక్కా!"

హాలు ఉలిక్కిపడింది. హనుమంతు తనంతట తానే టీవీ ఆర్పేశాడు. బుచ్చమ్మ కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చి, ఫొటో ముందు నేల మీద కూలబడింది.

"పదేండ్ల పోరివి గుట్టెక్కితివి గదనే అక్కా! సంకల కొడుకు, నెత్తిన తట్ట, కాళ్లకు చెప్పుల్లేకపాయె గదనే! ఒక్క జొన్నరొట్టె ఇద్దరం తుంచుకుంటిమి గదనే అక్కా!"

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు త్రినాథరావు నాతో. "కాస్త బయటికి తీసుకెళ్లి మంచినీళ్లు ఇప్పించండి."

"శోకం పెట్టే మనిషికి అడ్డం పోకూడదు" అన్నాను. "ఆమె ఏమన్నా, ఎవరినన్నా, అయిపోయేదాకా వినాలి. ఎవరూ జవాబు చెప్పకూడదు."

"ఇదేమన్నా మీ ఊరా సార్?"

"మా ఊరే. మీరు కట్టుకున్నది మా బండ మీద."

బుచ్చమ్మ ఆయన వైపు తిరిగింది. ఆమె కళ్లు ఆయనను గుర్తుపట్టాయి.

"గీ దొర బంగ్లకు తొందరాయెనే అక్కా! పేలని మందు కాడికి నీ లచ్చయ్యను తోలిరి గదనే! కొడుకు కోసం నువ్వు ఏడిస్తే, కోడి కోసం ఏడ్చినవని చూపిచ్చిరి గదనే అక్కా! నవ్వుండ్రి, నవ్వుండ్రి! గిప్పుడెందుకు నవ్వుతలేరు దొరలు?"

ఎవరూ నవ్వలేదు. నాకు కక్ష తీరినట్లయింది. పదకొండు పేజీలు చేయలేని పని నాలుగు వాక్యాలలో జరిగిందని పొంగిపోతూ ఆయన ముఖమే చూస్తున్నాను. అందుకే బుచ్చమ్మ నా వైపు తిరగడం గమనించలేదు.

"సదువుకున్న మనుమడున్నడని మురిస్తివి గదనే అక్కా! సినిమ జూసొచ్చినంక, నడువు బిడ్డా, నా కొడుకు ఏడుపు నాకియ్యమని దొరను అడుగుదాం, నాకు మాట రాదు, నీకు వస్తదంటివి గదనే! ఎన్నొద్దులు బతిమాలినవే అక్కా! రాసుకునేది ఉన్నదన్నడు, బుక్కు అడ్డం పెట్టుకున్నడు, ఊకో ముసల్దానా, నా ఇజ్జత్ పోతదన్నడు గదనే! ఒక్కదానివే పోతివి, గేటు కాడికెల్లి మర్లొస్తివి గదనే అక్కా!"

అది జరిగింది. ఎనభై ఆరు, జూలై. నేను సిద్ధాంత గ్రంథం సమర్పించవలసిన నెల. కోడిపుంజు శోకం ముసలమ్మ మనుమణ్ణని విశ్వవిద్యాలయంలో తెలిస్తే ఏమవుతుందోనని వణికిన నెల. నాయనమ్మ ఎనిమిది రోజులు అడిగింది. ఆ మాటే అన్నాను. ఆమె నోరు మూయించినది సినిమా హాలు నవ్వేనని ఏడేళ్లుగా నమ్ముతూ వచ్చాను. ప్రతి తేదీనీ రెండుసార్లు సరిచూసి రాసిన పదకొండు పేజీలలో ఆ ఎనిమిది రోజులు లేవు.

త్రినాథరావుకు ధైర్యం వచ్చింది. నా మీదికి వంగి గుసగుసలాడాడు. "విన్నారా, మిమ్మల్నీ వదల్లేదు. పెద్దావిడ, మతి స్థిమితం లేదు. ఇవన్నీ నిజం కాదని మైకులో ఒక్క ముక్క చెప్పేయండి సార్. మీ పరువూ నిలుస్తుంది, మా పరువూ నిలుస్తుంది."

లేచి మైకు దగ్గరికి వెళ్లాను. కోపం ఇంకా చల్లారలేదు. ఎవరి మీది కోపమో నాకు తెలుసు. స్టాండును పొట్టిగా దించి, ఎత్తి తీసుకువెళ్లి, నేల మీద కూర్చున్న బుచ్చమ్మ నోటి ముందు పెట్టాను. ఆమె నన్ను చూసింది. ఆ చూపులో క్షమ కోసం వెతికాను, లేదు.

"ఏం చేస్తున్నారండీ మీరు?" అన్నాడు త్రినాథరావు.

"నా గురించి చెప్పింది నిజం. మీ గురించి చెప్పిందీ నిజం. కూర్చోండి" అన్నాను. "శోకం చావు దాకా సాగాలి. ఆమె ఇంకా ఎనభై ఆరులోనే ఉంది."