పెట్టకూడనివి

పొద్దున్నే మొదటి ఫోన్ ఒక జామ్ సీసా గురించి వచ్చింది. మూత రావడం లేదట. చేతులు గట్టిగా ఉన్న పోలీసు ఎవరైనా ఉంటే పంపమని ఒక పెద్దావిడ అడిగింది.

"అమ్మా, ఇది ప్రాణం మీదికొస్తే చేసే నంబరు," అంది బెవర్లీ.

"ప్రాణం మీదికొచ్చే చేశానమ్మాయ్. టోస్టు చల్లారిపోతోంది."

థార్న్‌బెక్ పోలీసు కంట్రోల్ రూములో ఫోన్లెత్తీ ఎత్తీ బెవర్లీ ఆక్రాయిడ్ జుట్టు నెరిసిపోయింది. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. మామూలు రోజైతే, మూత వేడినీళ్ళలో ముంచమని చెప్పి, ఓ గుక్క టీ తాగి మరిచిపోయేది. ఇవాళ మరిచిపోవడానికి వీల్లేదు. వచ్చిన ప్రతి ఫోనూ ట్విట్టర్లో పెట్టాలని ఇన్‌స్పెక్టర్ గ్రీన్‌వుడ్ హుకుం.

వచ్చే వారం కౌంటీ కమిటీ కూర్చుంటోంది. ఖర్చు తగ్గించాలి గనక థార్న్‌బెక్ రూము మూసేసి, ఫోన్లన్నీ ఎక్కడో సముద్రం ఒడ్డునున్న పెద్ద రూముకు మళ్ళించడమా వద్దా అన్నది అక్కడ తేలిపోతుంది. "రోజంతా మనం ఏం చేస్తున్నామో ఊరికి చూపిద్దాం. చూశాక మూసే ధైర్యం ఎవడికుంటుందో చూస్తా," అన్నాడు గ్రీన్‌వుడ్. అందరూ చప్పట్లు కొట్టారు. బెవర్లీ కూడా కొట్టింది.

చప్పట్లయ్యాక నియమాల కాగితం వచ్చింది. పసిపిల్లల సంగతులు పెట్టకూడదు. మొగుడూ పెళ్ళాల గొడవలు పెట్టకూడదు. చచ్చినవాళ్ళు, చావబోయినవాళ్ళు, మానభంగాలు, విచారణలో ఉన్నవి, ఏవీ పెట్టకూడదు. కంప్యూటర్ తెర మీద ప్రతి ఫోను పక్కనా రెండు గళ్ళు, ‘పెట్టొచ్చు’, ‘పెట్టకూడదు’. ఫోనెత్తినవాళ్ళే నొక్కాలి. నియమాలు న్యాయమైనవే, ఒక్కదాన్నీ తప్పు పట్టలేం. కానీ అవన్నీ తీసేస్తే మిగిలేదేమిటో ఆలోచించిన మహానుభావుడు ఒక్కడూ లేడు. మిగిలింది జామ్ సీసా.

కాలువ గట్టు మీద పెద్దబాతు దారివ్వడం లేదని ఒకాయన ఫోన్ చేశాడు. పెట్టొచ్చు. బావమరిది తీసుకెళ్ళిన నిచ్చెన తిరిగివ్వలేదని ఇంకొకాయన. పెట్టొచ్చు. ఎదురింటి పిల్లి తన కిటికీలోకి గుడ్లురిమి చూస్తోందని మిసెస్ ఎంట్‌విసిల్. ఆవిడ వారం వారం చేస్తుంది, పిల్లి మాత్రమే మారుతుంటుంది. పెట్టొచ్చు.

అదే సమయంలో పక్క కుర్చీలో ట్రెవర్, రైలు వంతెన అంచున నిలబడ్డ ఒక మనిషితో మాట్లాడుతున్నాడు. ఆ మనిషి కూతురి పేరు కనుక్కున్నాడు, అతని కుక్క పేరు కనుక్కున్నాడు, ఆ కుక్కకు రాత్రి అన్నం ఎవరు పెడతారని అడిగాడు. కానిస్టేబుళ్ళు వెళ్ళి అతన్ని ఇవతలికి లాగేసరికి ట్రెవర్ చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. ఇయర్‌ఫోన్ తీసి, ‘పెట్టకూడదు’ నొక్కి, తర్వాతి ఫోనెత్తాడు.

ఊళ్ళో మాత్రం బాతు రాజ్యమేలుతోంది. వందల మంది నవ్వారు. బాతుకు ఎవరో పేరు కూడా పెట్టేశారు.

మధ్యాహ్నానికి ఇంకో రోగం మొదలైంది.

"హలో, పోలీసులా? నాది కూడా వేస్తారా?"

"ఏం జరిగింది సార్?"

"ఇంకా ఏం జరగలేదమ్మా. ఏం జరిగితే వేస్తారో చెప్తే..."

"పెట్టెయ్యండి సార్."

"అంటే, పెట్టేస్తారా? ట్విట్టర్లో?"

"ఫోన్! ఫోన్ పెట్టెయ్యండి!"

ఫోన్లో అతని వెనక పబ్బు గ్లాసుల చప్పుడు, పదిమంది పకపకలు. ఈ మాటా ట్విట్టర్‌కెక్కాలి, నియమం ప్రకారం. ఎక్కించింది. ఎక్కించాక ఇంకో నలుగురు చేశారు. పనీ పాటా లేని జనానికి పోలీసులే పిలిచి పీట వేస్తే కూర్చోకుండా ఉంటారా? లైన్లన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. బెవర్లీకి ఒళ్ళు మండిపోతోంది. ఇది చాలక గ్రీన్‌వుడ్ వెనక నిలబడి, "అద్భుతం! ఊరంతా మనల్నే చదువుతోంది," అంటున్నాడు.

ఆ తర్వాత ఎత్తిన ఫోన్లో మొదట ఊపిరి మాత్రమే వినబడింది. ఇంకో వేళాకోళం కాబోలనుకుని బెవర్లీ కసరబోయి, ఎందుకో ఆగింది.

"చెప్పు తల్లీ."

"మూడోసారి చేస్తున్నా. ముందు రెండుసార్లూ ఎవరూ ఎత్తలేదు." గుసగుస. "మెట్ల కింద అరలో ఉన్నా. తలుపు లోపల్నించి పట్టుకున్నా. ఒక చెయ్యి లేవట్లేదు."

"బయట ఎవరున్నారు?"

"మా ఆయన."

పేరు లిన్నెట్. బాబిన్ వీధి చివరిల్లు. మాట్లాడుతూనే బెవర్లీ పోలీసు బండిని అటు పంపించింది. సైరన్ వద్దు, వెనక సందులోంచి వెళ్ళండి అని బండిలోవాళ్ళకి రాసి పంపింది. ఆ ఇళ్ళకి వెనక తలుపుంటుందని తెర చెప్పదు, ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకే తెలుసు.

"వస్తున్నారు తల్లీ. ఫోన్ వదలకు."

"పొద్దుట్నించీ చేద్దామనుకుంటున్నా. ఆయన పొద్దుట్నించీ మీ ట్విట్టరే చూస్తున్నాడు. బాతుదీ, సీసాదీ పైకి చదివి మరీ నవ్వుతున్నాడు. పోలీసులకి ఫోన్ చేసేది ఇలాంటి తిక్కవాళ్ళే, చూడు అంటూ..." తలుపు మీద దబదబ మోత. గుసగుస ఇంకా సన్నబడింది. "నన్నందులో పెట్టకండి. పేరు లేకపోయినా వీధంతా పోల్చేస్తుంది. ఆయన వాళ్ళమ్మా చదువుతోంది, తమ్ముళ్ళూ చదువుతున్నారు."

"పెట్టను."

"ఒట్టేనా?"

"ఒట్టు తల్లీ. నువ్వే చెబితే తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు."

వెనక తలుపు పగిలిన చప్పుడు, మగ గొంతులు, తర్వాత లిన్నెట్ ఏడుపు వినబడ్డాయి. బతికి ఉన్న ఏడుపు. అప్పుడు గానీ బెవర్లీ ఊపిరి వదల్లేదు. ‘పెట్టకూడదు’ గడి నొక్కింది.

సాయంత్రం గ్రీన్‌వుడ్ ముఖం వాడిపోయింది. కమిటీ పెద్ద ఫోన్ చేశాడట. ఆయన, ఆయన భార్యా కడుపుబ్బ నవ్వుకున్నారట. ‘బాతుకీ నిచ్చెనకీ ఒక రూమూ, ఇంతమంది మనుషులూ అవసరమా?’ అని అడిగాడట.

"బెవ్, ఆ మెట్ల కింద అమ్మాయిది పెట్టేద్దాం," అన్నాడు. "పేరొద్దు, వీధొద్దు. ‘ఫోన్ మీద మాట్లాడుతూనే ఒక స్త్రీ ప్రాణం కాపాడాం.’ ఈ ఒక్క ముక్క చాలు వాళ్ళ నోళ్ళు మూయించడానికి."

"నియమం మీదే కదా సార్."

"నేనే సడలిస్తున్నాను."

"ఒట్టు మీది కాదు సార్, నాది."

ట్రెవర్ ఇటు తిరిగాడు. అతనికి ఇద్దరు పిల్లలు, కొత్తగా కొన్న ఇల్లు. "వాడు లాకప్పులో ఉన్నాడు బెవ్. ఇప్పుడామెకి భయమేంటి? మనందరి తిండి ఇది. నాది పెడదామంటే ఆ వంతెన మనిషి కూతురు చదువుతుంది. నీదైతే..."

"నాదైతే వాడి తమ్ముళ్ళు చదువుతారు. వాళ్ళు లాకప్పులో లేరు."

ట్రెవర్ తన తెర వైపు తిరిగిపోయాడు. అలా తిరిగిపోవడమే ఆమెకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. తన వయసుకి మళ్ళీ ఉద్యోగం ఎవరిస్తారు? అయినా ఆ గడి ముట్టుకోలేదు. గ్రీన్‌వుడ్ తన గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ రోజు చివరిగా ట్విట్టర్‌కెక్కింది మిసెస్ ఎంట్‌విసిల్ పిల్లే.

కమిటీకి పెద్ద చర్చ కూడా అవసరం లేకపోయింది. క్రిస్మస్ వెళ్ళగానే రూము మూసేస్తారని పేపర్లో వచ్చింది, పక్కన బాతు బొమ్మతో.

పేపర్లో వచ్చిన రోజే బెవర్లీకి వంట చేయబుద్ధి కాక, చేపా చిప్సూ కొనుక్కుందామని వీధి మలుపులో ఉన్న కొట్టుకెళ్ళింది. లైన్లో ముందు ముగ్గురు. కొట్టు యజమాని బార్నబీ బంగాళాదుంపలు నూనెలో వేస్తూ ఆ వార్తే చదివి వినిపిస్తున్నాడు.

"మంచి పని చేశారు. మన పన్నులతో కూర్చోబెట్టి బాతు కబుర్లు రాయించారు వీళ్ళ చేత!"

అందరూ నవ్వారు. ముందున్న ఆడమనిషి మాత్రం నవ్వలేదు. చెయ్యి కట్టులో ఉంది.

"పాపం, వేరే పనులు కూడా ఉండుంటాయి వాళ్ళకి," అంది.

చిన్న గొంతు. గుసగుస కాదు గానీ అదే గొంతు. మెట్ల కింద అరలోంచి బెవర్లీ విన్న గొంతు.

"ఏం పనులు లిన్నెట్? అంతా పెట్టారుగా, ఒక్క పనైనా కనబడిందా?" అన్నాడు బార్నబీ. "అదలా ఉంచు. మెట్ల మీంచి జారిపడ్డావటగా. ఎలా ఉంది చెయ్యి?"

"పర్వాలేదు," అని లిన్నెట్ తల దించుకుంది.

బెవర్లీ నాలుక చివర ఎన్ని మాటలున్నాయో! వంతెన మనిషి గురించి, ట్రెవర్ చొక్కా గురించి, ఈ ఊరు నవ్విన ఒక్కో నవ్వు గురించి బార్నబీ చెవులు గింగురుమనేలా చెప్పాలని ఉంది. కానీ ఒక్క మాట పైకొచ్చినా లిన్నెట్ ఆ గొంతు పోల్చుకుంటుంది. తన గుట్టు తెలిసిన మనిషి తన వెనకే లైన్లో నిలబడిందని తెలిశాక, ఈ ఊళ్ళో ఏ కొట్టుకైనా మళ్ళీ వస్తుందా? బెవర్లీ పళ్ళు బిగబట్టింది.

లిన్నెట్ పొట్లం అందుకునే లోపే బెవర్లీ వంతు వచ్చింది.

"ఏం కావాలి?"

బెవర్లీ గోడ మీది ధరల పట్టీలో చేపా చిప్సూ చూపించింది, వేలుతో.

మూగా చెవుడూ అనుకున్నట్టున్నాడు బార్నబీ. ముందుకి వంగి, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ గట్టిగా అరిచాడు. "ఉప్పూ, వెనిగరూ వెయ్యనా అమ్మా?"

లిన్నెట్ తిరిగి చూసి, జాలిగా చిన్న నవ్వు నవ్వి, పక్కకి జరిగి చోటిచ్చింది.

బెవర్లీ తల ఊపింది.