పెద్దమ్మ పాఠం

నేను చచ్చిపోతానని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. నేనే తేల్చేసుకున్నాను. ఒకరిని అడిగి తెలుసుకునే అలవాటు నాకు పుట్టినప్పటి నుంచీ లేదు. అదే నా కొంప ముంచింది.

నాలుగేళ్ళ కిందట నా కుడి రొమ్ములో గడ్డ తేలితే, రొమ్ము మొత్తం తీసేశారు. ఆ తర్వాత ఆరు నెలలు ఎక్కించిన మందులకి జుట్టు రాలింది, గోళ్ళు నల్లబడ్డాయి, మంచినీళ్ళు కూడా తుప్పు రుచిగా ఉండేవి. అన్నీ అయ్యాక, ఇక భయం లేదు గానీ మచ్చని తడిమి చూసుకుంటూ ఉండమన్నారు. చూసుకుంటూనే ఉన్నాను. పోయినేడు ఒక రోజు పొద్దున స్నానం చేస్తుంటే, సరిగ్గా కుట్ల మచ్చ మీద, చర్మం కింద, పెసరగింజంతది గట్టిగా చేతికి తగిలింది. నెల తిరిగేసరికి అది శనగగింజంత అయింది. మళ్ళీ వచ్చిందన్నమాట అనుకున్నాను. మళ్ళీ ఆ సూదులూ ఆ వాంతులూ నా వల్ల కాదు. ఇక ఆస్పత్రి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను.

నా చావు గురించి నాకు పెద్ద బెంగ లేదు. బెంగంతా బొత్తాం గురించే.

బొత్తాం నా చెల్లెలి కూతురు. గుండ్రటి ముక్కు చూసి నేనే పెట్టిన ముద్దుపేరు అది. దానికి ఏడాది నిండేసరికి చెల్లికి నెలలు నిండని కవలలు పుట్టారు. "రెండు నెలలు చూసుకో అక్కా" అని పిల్లని నా చేతుల్లో పెట్టింది. ఆ రెండు నెలలు ఐదేళ్ళయ్యాయి. మా ఆయన పోయాక నాకు మిగిలింది బట్టలు సరిచేసే చిన్న షాపు. నడుములు బిగించడం, అంచులు వదలడం, జిప్పులు మార్చడం నా పని. నేను మిషన్ తొక్కుతుంటే అది కత్తిరింపు బల్ల కింద కూర్చుని పీలికలతో ఆడుకునేది. మాటలు వచ్చినప్పుడు నన్ను అమ్మ అంది. కన్నతల్లిని పిన్ని అంది. చెల్లి మొహం మాడిపోయింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నా ఆపరేషన్ రోజుల్లో కూడా పిల్లని పక్కింటావిడ దగ్గర ఉంచాను గానీ చెల్లి దగ్గరికి పంపలేదు. తర్వాత చెల్లి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ససేమిరా అన్నాను. "కనగానే సరిపోయిందా?" అని కూడా అన్నాను. నా నోరు అలాంటిది.

ఇప్పుడు నేను పోతే పిల్ల తల్లి లేనిది కాకూడదు. తల్లి ఉంది కదా! రెండు మాటలు తారుమారు చేస్తే చాలు. అమ్మ పెద్దమ్మ అవ్వాలి, పిన్ని అమ్మ అవ్వాలి. అప్పుడు నేను పోయినా, పెద్దమ్మ పోయిందని ఏడుస్తుంది గానీ అమ్మ పోయిందని ఏడవదు. ఆ రోజుల్లో ఇది నాకు గొప్ప ఆలోచనలా తోచింది. పాత కోటుని తిరగేసి కుట్టినట్టు పిల్లనీ తిరగేయొచ్చనుకున్నాను.

రోజూ సాయంత్రం స్కూలు నుంచి రాగానే పాఠం మొదలుపెట్టేదాన్ని.

"నేనెవర్ని?"

"అమ్మవి."

"కాదు, పెద్దమ్మని. మీ అమ్మ వేరే ఊళ్ళో ఉంది."

"అక్కడుంది పిన్ని కదా!" అని పకపకా నవ్వింది. ఇదేదో కొత్త ఆట అనుకుంది.

నవ్వుతూ చెబితే పని కాదని, అమ్మా అంటే పలకడం మానేశాను. ఒక రోజు షూ లేసు పీటముడి పడిపోయి, నా పక్కనే నిలబడి "అమ్మా... అమ్మా... అమ్మా..." అని పిలిచింది. నేను మిషన్ ఇంకా జోరుగా తొక్కాను. కుడుతున్నది ఎవరిదో ప్యాంటు. కుట్టు ఎటు పోతోందో కూడా చూడలేదు. పిలిచి పిలిచి దాని గొంతు బొంగురుపోయింది. చివరికి నా మోచెయ్యి పట్టుకుని, చాలా మెల్లగా, "పెద్దమ్మా" అంది. "ఏంటి తల్లీ!" అని వెంటనే ఎత్తుకున్నాను. ముడి విప్పాను, ముద్దు పెట్టాను. తర్వాత వెనక గదిలోకి పోయి, చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పి ఏడ్చాను. రెండు నెలల్లో పిల్ల పాఠం నేర్చేసుకుంది.

చెల్లికి ఫోన్ చేసి, పని ఎక్కువైంది, పిల్లని చూసుకోలేకపోతున్నానని అబద్ధం చెప్పాను. అది ఎందుకని కూడా అడగలేదు. నా మనసు ఎక్కడ మారుతుందోనని మర్నాడే బస్సెక్కి వచ్చింది. పిల్ల ఎదిగే కొద్దీ వదులుకోవచ్చని ప్రతి ఫ్రాకు అంచులోనూ నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి కుట్టి ఇచ్చాను. బస్సు కిటికీలోంచి బొత్తాం "టాటా పెద్దమ్మా" అంది. ఒక్క తప్పు కూడా పోలేదు.

ఇక చావు కోసం కూర్చున్నాను. అది రాలేదు. ఏడు నెలలు పోయాక గడ్డ ఉసిరికాయంత అయి, ఎర్రబడి, ఒక మధ్యాహ్నం ఒకావిడ నడుము కొలుస్తుండగా పగిలింది. జాకెట్టు తడిసింది. ఆ వాసన నేనే భరించలేకపోయాను. ఆవిడ నా మాట వినకుండా చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ. ముందు మందులిచ్చి వాపు తగ్గించి, తర్వాత గడ్డని దాని తిత్తితో సహా కోసి తీసి పరీక్షకి పంపింది. రిపోర్టు వచ్చిన రోజు దాన్ని బల్ల మీద పెట్టి, "ఇది క్యాన్సర్ కాదమ్మా" అంది.

"మరేంటి?"

"అప్పట్లో ఆపరేషన్ చేసినప్పుడు పైచర్మం రవ్వంత కుట్ల లోపల ఉండిపోయింది. దానికి తెలిసిన పని ఒక్కటే, చర్మం పుట్టించడం. లోపల పడ్డా ఆ పని మానలేదు. రాలిన పొట్టుకి బయటికి పోయే దారి లేక అక్కడే పోగుపడింది. ఆపరేషన్ మచ్చలో ఇలా రావడం చాలా అరుదు. మొదట్లోనే వచ్చుంటే చిన్న పని. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా మీరు?"

రిపోర్టు తీసుకుని బయటికి వచ్చేశాను. వరండాలో బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కనావిడ పాపం, చెడ్డ కబురు విన్నాననుకుని నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. అటునుంచి అటే బస్సెక్కాను. నా పిల్లని నేను తెచ్చుకోవాలి. బుర్రలో ఇంకేమీ లేదు.

చెల్లి అంతా విని ముందు నా భుజం మీద రెండు వేసింది. తర్వాత వాటేసుకుంది. "ఒక్క మాట నాతో చెప్పి చావొచ్చు కదక్కా!"

"చావలేదు కదే. అందుకే వచ్చా. బొత్తాన్ని తీసుకెళ్తా."

చెల్లి చేతులు వదిలేసింది.

"వచ్చిన కొత్తలో నిద్రలో అమ్మా అంటే పరిగెత్తుకెళ్ళేదాన్ని. కళ్ళు తెరిచి, నన్ను చూసి, అటు తిరిగి పడుకునేది. ఆ పిలుపు నాకు కాదని తెలిసి కూడా వెళ్ళేదాన్నక్కా. ఇప్పుడిప్పుడే దగ్గరవుతోంది. నీకు వద్దన్నప్పుడు ఇచ్చేసి కావాలన్నప్పుడు పట్టుకుపోడానికి, అదేమన్నా గొడుగా?"

నేను తిరిగి ఒక్క మాట అనలేదు. నా జన్మలో అది మొదటిసారి.

కాసేపటికి తనే అంది. "దాన్నే అడుగు. వస్తానంటే నేను అడ్డుపడను." కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగింటికి బొత్తాం బ్యాగు ఈడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చింది. పొడుగైంది. ముందు పన్ను ఒకటి ఊడింది. నన్ను చూడగానే "పెద్దమ్మా!" అని అరిచి నా నడుము చుట్టేసుకుంది. ఇంకా పచ్చిగా ఉన్న కుట్లు కలుక్కుమన్నాయి. నేను దాన్ని వదల్లేదు. అలాగే కిందకి జారి దాని ఎదురుగా కూర్చున్నాను.

"బొత్తాం, నన్ను అమ్మా అనవే. ఒక్కసారి."

అది నా మొహంలోకి పరీక్షగా చూసింది. ఆలోచించింది. తల అడ్డంగా ఊపింది.

"అనను. అలా అంటే నువ్వు పలకవుగా."

"పలుకుతానే తల్లీ. ఒట్టు, పలుకుతా."

"ఊహూ" అంది, నా ఎత్తు కనిపెట్టేసినట్టు నవ్వుతూ. తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మా! పెద్దమ్మకి నీళ్ళు తీసుకురా" అని కేకేసింది.

మొదటి పిలుపుకే మా చెల్లి పలికింది.