హలీమె వంక పెట్టిన పూట

నేను ఒక స్టీలు ట్రేని. హైదరాబాదులో విదేశీ విద్యార్థులకు ఇంగ్లిష్ నేర్పే ఒక సంస్థలో, మెట్ల కింద సామాన్ల గదిలో పడి ఉన్నాను. నా మీద కాలు విరిగిన కుర్చీ, దాని మీద మాసిన కర్టెన్లు. నా అంచు ఒకవైపు సొట్టపోయింది. నా దిగులు ఆ సొట్ట గురించి మాత్రం కాదు.

బాలానగర్‌లో రేకులు నొక్కే ఒక ప్రెస్సు కింద పుట్టాను. పుట్టీ పుట్టగానే సికింద్రాబాదులోని ఒక ఇరానీ హోటల్లో పనికి కుదిరాను. మర్యాద అనే మాట అక్కడి గోడలు విని ఉండవు. రెండు వేళ్లు చూపిస్తే రెండు చాయ్‌లని అర్థం. చాయ్‌లో ఈగ పడితే గిరాకీ సర్వరును వాడి తాతల దాకా వెళ్లి తిట్టేవాడు. సర్వరు ఆ ఈగను వేలితో తీసి పారేసి అదే కప్పు మళ్లీ ముందు పెట్టేవాడు. ఇద్దరికీ మనసులో ఏమీ ఉండేది కాదు. ఆ హోటలు మూతపడి సామాన్లు అమ్ముతున్నప్పుడు హైమావతి మేడమ్ నన్ను కొనుక్కుంది.

మేడమ్ ఈ సంస్థలో కాంట్రాక్టు టీచరు. ఆమె విద్యార్థులు చాద్, టోగో, కాంగో దేశాల వాళ్లు. చిన్నప్పటి నుంచీ ఫ్రెంచిలో చదువుకున్నవాళ్లు. ఆరు నెలలు ఇంగ్లిష్ నేర్చుకుని, చివర్లో మాట్లాడే పరీక్ష పాసైతే ఇక్కడి కాలేజీల్లో సీటు. తప్పితే ఇంటికి విమానం. పుస్తకంతో పని జరగదని మేడమ్ క్లాసునే హోటలు చేసింది. రెండు బెంచీలు కలిపి దుప్పటి పరిస్తే టేబులు. రబ్బరు బొమ్మలే వంటకాలు. ఒకరు సర్వరు, ఒకరు గిరాకీ. మాట తోచకపోతే వెనక బెంచీ వాళ్లు ఫ్రెంచిలో గుసగుసగా అందించేవారు. నాకైతే నవ్వాగేది కాదు. ఒక రబ్బరు చేప కోసం ‘దయచేసి’ అనీ, ‘మీకు శ్రమ కాకపోతే’ అనీ ఎంత వినయం! నిజం బిర్యానీకి కూడా ఎవరూ అంతగా ఒదిగిపోగా నేను చూడలేదు.

ఆ క్లాసులోనే హలీమె చేతికి వచ్చాను. ఆమెది చాద్‌లోని అబెషె పట్నం. వాళ్ల అక్క కాన్పులో పోయింది. పక్కనే ఉండి కూడా ఏం చేయాలో తెలియక ఈమె చూస్తూ ఉండిపోయిందట. అందుకే నర్సు కావాలని ఇంత దూరం వచ్చింది. నన్ను రెండు చేతులా పట్టుకుని, కాస్త వంగి, ఎదుటివాళ్ల ముందు ఎంత మెల్లగా దించేదంటే నేను ఇత్తడి పళ్లెమైపోయానా అనిపించేది. చూడటానికి పెద్దలెవరొచ్చినా మేడమ్ హలీమెనే సర్వరును చేసేది. చప్పట్లు మోగేవి. ఈ పిల్ల ఎప్పుడూ గిరాకీ కుర్చీలో కూర్చోలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

పరీక్ష దగ్గర పడ్డాక మేడమ్ ఆమెను గిరాకీగా కూర్చోబెట్టి, తనే సూపు తెచ్చింది. అందులో రబ్బరు బొద్దింక. వాళ్లు మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే, నాకు అర్థమైనట్టు చెబుతున్నాను.

“కోప్పడు హలీమె. బొద్దింక ఉంది, వేరేది తెమ్మని గట్టిగా అడుగు.”

“మీరు చేత్తో తెచ్చారు కదా మేడమ్. ఎలా అనను?”

“ఇది నాటకమమ్మా!”

“మా ఇంట్లో పెద్దవాళ్లు పెట్టినదానికి వంక పెడితే వాళ్లను చెంప మీద కొట్టినట్టే.”

తోటి పిల్లలు సర్వర్లయితే ఎలాగో నసుగుతూ అనేది. పరీక్షలోనూ ఇదే నాటకం, కానీ సర్వరుగా వచ్చేది ముక్కూ మొహం తెలియని మనిషి కదా, అక్కడ మొహమాటం ఉండదులే అని మేడమ్ సర్దిచెప్పుకుంది.

వచ్చినవారు నరహరి గారు, రిటైరైన ప్రొఫెసరు. తల ముగ్గుబుట్ట. నన్ను పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి, గిన్నెలో సూపు తొణుకుతోంది. హలీమె గబుక్కున లేచి ఆయన చేతుల్లోంచి నన్ను అందుకుంది. గిరాకీ చేయాల్సిన పని కాదది. ఆమె కూర్చుంది, బొద్దింకను చూసింది. ఆయన కంట పడకుండా చెంచాతో తీసి రుమాల్లో చుట్టేసింది.

“చాలా బాగుంది సార్. మీకు శ్రమ ఇచ్చాను” అంది.

“ఇబ్బంది ఏమైనా ఉందా అమ్మా?” అని ఆయనే దారి చూపించారు.

“ఏ ఇబ్బందీ లేదు సార్.”

పరీక్ష పోయింది. మేడమ్ వరండాలో ఆయన వెంటపడి బతిమాలింది.

“ఆ పిల్ల నన్ను చూసుకున్నంత మర్యాదగా మా ఇంట్లో వాళ్లే నన్ను చూసుకోరమ్మా” అన్నారాయన. “కానీ నేను ఫిర్యాదు చేయమన్నాను. ఆమె నన్ను కాపాడింది. దానికి మార్కులెలా వెయ్యను?”

ఆయన చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు. ఆమెకిచ్చిన ఆరు నెలల స్కాలర్‌షిప్పు గడువు అయిపోయింది. రెండో అవకాశం లేదు.

హలీమె వెళ్లేరోజు మేడమ్ తన ఇంటి నుంచి అన్నం, గుత్తివంకాయ కూర తెచ్చి, ఖాళీ క్లాసులో నా మీద పెట్టి వడ్డించింది. అటెండరు సాయిలు తలుపు దగ్గర నిలబడ్డాడు.

“మేడమ్, రూముకు తాళం ఎయ్యాలె. జర జల్ది కానియ్యుండ్రి.”

“కాసేపు ఆగు సాయిలూ. పిల్ల తింటోంది.”

హలీమె ఒక చెంచాడు తింది. మెల్లగా నమిలింది. నా మీదికి ఎన్ని వంటకాలు ఎక్కినా, అంత కమ్మటి కూర ఎప్పుడూ ఎక్కలేదు. ఆమె చెంచా పక్కన పెట్టి, నిటారుగా కూర్చుని గొంతు పెంచింది.

“ఈ కూర బాగా లేదు. తీసుకెళ్లండి. నాకు వేరేది కావాలి.”

ఒక్క మాట తడబడలేదు. మేడమ్ బిత్తరపోయింది. తర్వాత అర్థమైంది.

“క్షమించండి. ఇప్పుడే తెస్తాను” అని నన్ను ఎత్తుకుని వరండాలోకి వచ్చింది. వేరే కూర ఎక్కడుంది? గోడకు ఆనుకుని, నన్ను పొట్టకు అదుముకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది. కాసేపటికి అదే కూరతో మళ్లీ లోపలికి వెళ్లాం. హలీమె రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఉంది.

“ఇప్పుడు పాసయ్యానా మేడమ్?” అంది తల ఎత్తకుండా.

“పాసయ్యావు తల్లీ.”

ఆ అన్నం ఇద్దరిలో ఎవరూ ముట్టలేదు.