స్టూలు కింద ట్రాన్సిస్టర్

పొద్దున్నే గుల్షన్ బేగం పాలగిన్నె తెచ్చి మొగుడి పక్కన పెట్టింది. ఉస్మాన్ అప్పటికే వెంకట్ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు. కాసేపట్లో పాలు పొంగాయి.

"ఇయ్యాల జల్ది పొంగినయి. ఎవరి మీద?" అంది గిన్నె తీసుకుంటూ.

"వెంకట్ మీద."

"పాపం," అని ఆవిడ చాయ్ పెట్టడానికి పోయింది.

ఉస్మాన్‌కు అనుమానం వస్తే పక్కనున్నవన్నీ వేడెక్కుతాయి. కేసముద్రంలో దీన్నెవరూ వింతగా చూడరు. చలికాలం అరుగు మీద అతని పక్కన చోటు కోసం పోటీ పడతారు. చలి మరీ ఎక్కువైతే "దుకాణం తాళం ఏసినవా, అన్నా?" అని ఒక మాట వదిలి, చేతులు కాచుకుంటారు.

దుకాణం మైక్‌సెట్లది. ఉస్మాన్, వెంకట్ ఇద్దరిదీ. ఈ పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డు వేలానికి వాళ్ల ఆంప్లిఫయరే పెట్టారు. పెట్టినప్పటి నుంచి అందులో మాటను పెద్దది చేసే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతూనే ఉన్నాయి. మైకులో ఎవరూ మాట్లాడకపోయినా వాటిలో కొద్దిగా కరెంటు పారుతుండాలి. దాన్నే బయాస్ అంటారు. అది తగ్గితే మాట గరగరలాడుతుంది. పెరిగితే ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ కరెంటు ఇంకా పెరుగుతుంది, చివరికి పొగ వస్తుంది. చుట్టూ పత్తి కుప్పలు పెట్టుకొని పొగంటే మాటలా? ఇంకోసారి ఇట్లయితే పెట్టె ఎత్తుకొని పొమ్మని వ్యాపారులు తేల్చి చెప్పారు.

బయాస్ తిప్పే స్క్రూ వెంకట్ చేతిలోనే ఉంటుంది. డోర్నకల్‌లో సొంత దుకాణం పెట్టుకోవాలని ఇక్కడి పేరు చెడగొడుతున్నాడని ఉస్మాన్‌కు తోచింది. అనుమానం పెనుభూతం అంటారు కదా, తోచిన మర్నాటికే నమ్మకమైపోయింది. బావమరిది అకీల్‌కు ఫోన్ చేసి, మధ్యాహ్నం బండికి వచ్చి వెంకట్ జాగాలో కూర్చోమన్నాడు. ఇరవై ఏళ్ల జతగాణ్ణి ఇవాళ పంపించేయాలి. ఆ మాట ఎట్ల మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు.

యార్డులో వేలం మొదలైంది. ఉస్మాన్ పెట్టె పక్కన తన స్టూలు మీద కూర్చోబోయాడు. అప్పుడే వెంకట్ వంగి స్టూలు కింద ఏదో సర్దడం కంటబడింది.

"ఏంది చూస్తున్నవ్?"

"ఏం లేదు భాయ్. కాలు ఊగుతున్నది," అన్నాడు వెంకట్ గబుక్కున.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వాలకం. అతను అటు పోగానే ఉస్మాన్ వంగి చూశాడు. పెట్టె వెనక నుంచి సన్నని నల్ల వైరొకటి నేల మీదుగా వచ్చి స్టూలు మెత్తలోకి దూరింది. మెత్త తిరగేశాడు. రెగ్జిన్ కింద చిన్న ట్రాన్సిస్టర్, జాగ్రత్తగా కుట్టేసి ఉంది.

దొరికాడు దొంగ! ఉస్మాన్ ఒళ్లు భగ్గుమంది. పక్కనున్న రైతు ఉప్పలయ్య తన పత్తి కుప్పను అవతలికి జరుపుకున్నాడు. ఉస్మాన్ పెట్టె మీద చెయ్యి వేశాడు, ఇంకాసేపట్లో పొగ వస్తుందనుకుంటూ.

పెట్టె చల్లగా ఉంది. మైకులో రేట్లు చదివే గొంతు ఎక్కడా గరగరలాడలేదు.

"వెంకట్! గిదేంది?"

వెంకట్ వచ్చి తలవంచుకొని నిలబడ్డాడు. "వేడిని కనిపెట్టి బయాస్ తగ్గించేదే భాయ్. వేడయ్యేదాన్ని ముట్టుకొనుంటెనే దానికి తెలుస్తది. లోపల వేడి గుంజుకునే హీట్‌సింక్‌కు ఒకటున్నది గని, గా అల్యూమినియం కాగేదాంక దానికి తెల్వది. అప్పటికి ట్రాన్సిస్టర్లు పోతున్నయి. నీ వేడికే గదా పెట్టె కాగేది, ముందుగాల కాగేది నువ్వే. గందుకే నీ కింద కుట్టిన."

"ఎప్పటిసంది?"

"మొన్నటి సంది. నువ్వెంత గరమైతే పెట్టెల కరెంటు గంత తగ్గుతది."

ఉస్మాన్ మెత్తను తిరిగి స్టూలు మీద పెట్టాడు. "నా అనుమానం ఎవరి మీదనో ఎరుకేనా నీకు?"

"ఎరుకే. నేను పక్కకొస్తెనే స్టూలు కాగుతుండె."

ఉస్మాన్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. వెంకట్ తనను తిట్టలేదు, నిలదీయలేదు, వదిలి పోనూ లేదు. కూర్చుని సూదీ దారంతో కుట్టాడు. సిగ్గుతో కళ్లు మండాయి. ఫోన్ తీసి, "అకీల్, రావొద్దు. వెంకట్ ఉన్నడు," అని పెట్టేశాడు.

ఎందుకు రావొద్దంటున్నాడో వెంకట్‌కు అర్థమైంది.

"గా వైరు తీసెయ్యి. ఇగ అక్కర లేదు," అన్నాడు ఉస్మాన్.

వెంకట్ మెత్త మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు.

"ఇంకా జర గోరువెచ్చగనే ఉన్నది భాయ్. సీజన్ అయిపోనీ," అన్నాడు.

ఉస్మాన్ స్టూలు మీద కూర్చున్నాడు.